ఒకే మనిషికి మూడు సమాధులు: పాత అమెరికా కోర్టు కాగితాల్లో ఒక కుటుంబ హత్యను వెతకడం

నార్త్ కరోలినా పడమటి కొండల్లో కోనా అనే చిన్న ఊరు ఉంది. అక్కడి శ్మశానంలో చార్లెస్ సిల్వర్ అనే ఒక్క మనిషికి మూడు సమాధులున్నాయి. 1831 డిసెంబరు 22న అతన్ని గొడ్డలితో చంపారు. శవాన్ని ముక్కలు చేసి కొంత పొయ్యిలో తగలబెట్టారు, మిగిలింది అక్కడా ఇక్కడా దాచారు. దొరికిన భాగాన్ని దొరికినప్పుడల్లా పాతిపెట్టడంతో గోతులు మూడయ్యాయి. హత్య చేసిందని అతని భార్య ఫ్రాంకీ మీద కేసు నడిచింది. 1833 జూలై 12న మోర్గాంటన్ పట్టణంలో ఆమెను ఉరితీశారు.

ఈ కథ అక్కడి కొండల్లో తరతరాలుగా నోటి మాటగా, పాటగా తిరుగుతోంది. మొగుడి మీద అసూయతో చంపిందంటారు. ఉరికంబం మీద తన నేరాన్ని పాటగా పాడిందంటారు. ఆ రాష్ట్రంలో ఉరికంబమెక్కిన మొదటి ఆడమనిషి ఆమేనని కూడా అంటారు. చివరి మాట తప్పు, అంతకు ముందే అక్కడ ఆడవాళ్ళను ఉరితీశారు. మిగతా రెండింటినీ కోర్టు కాగితాల్లో వెతికితే వాటి ఊసే ఉండదు. కాగితాల్లో దొరికేది వేరే కథ, అదీ ముక్కలు ముక్కలుగా, మూడు నాలుగు చోట్ల.

ఇలాంటి పాత ఫ్రాంటియర్ (అప్పుడప్పుడే జనం స్థిరపడుతున్న సరిహద్దు ప్రాంతం) కేసును తవ్వేవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు, పేరు పట్టుకుని వెతకడం. ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇది: ఆనాటి చట్టం ప్రకారం ఈ కేసులో ఏయే కాగితాలు పుట్టి ఉండాలి, ఎవరి చేతిలో పుట్టి ఉండాలి? ఆ జాబితా ముందుంటేనే ఏది దొరికిందో, ఏది పోయిందో, ఏది అసలు పుట్టనే లేదో విడివిడిగా తెలుస్తుంది. ఈ మూడింటినీ కలిపేసుకోవడం వల్లనే సగం కట్టుకథలు పుట్టాయి.

ముందు కౌంటీ సంగతి తేల్చుకోవాలి

కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. కోనా ఇప్పుడు మిచెల్ కౌంటీలో ఉంది. కానీ మిచెల్ కౌంటీ ఏర్పడిందే 1861లో. అంతకు ముందు ఆ ప్రాంతంలో యాన్సీ కౌంటీ ఉండేది, అదీ 1833లో పుట్టింది. హత్య జరిగిన 1831లో ఆ లోయ అంతా బర్క్ కౌంటీ. కాబట్టి నేటి మిచెల్ కౌంటీ కోర్టుకు వెళ్ళి అడిగితే లేదంటారు, వాళ్ళు చెప్పేది నిజమే. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత దస్తావేజు కోసం ఏ ఊరి ఆఫీసుకు పోవాలో తెలియక తిరిగినవాళ్ళకు ఈ ఇబ్బంది విడమరచి చెప్పనక్కరలేదు. అమెరికాలో దీనికి సూత్రం సులువు: కౌంటీ చీలినా పాత కేసు కాగితాలు తల్లి కౌంటీలోనే ఉండిపోతాయి. ఏ సంవత్సరంలో ఏ ఊరు ఏ కౌంటీలో ఉందో చూపించే పటాలను షికాగోలోని న్యూబెర్రీ లైబ్రరీ తేదీలవారీగా తయారుచేసి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. పని మొదలుపెట్టవలసింది అక్కడే.

రాష్ట్రం కూడా మారి ఉండవచ్చు. కెంటకీ 1792 జూన్ 1 దాకా వర్జీనియాలో భాగం. టెన్నెసీ 1796లో రాష్ట్రం కాకముందు కొన్నేళ్ళు సమాఖ్య టెరిటరీ (రాష్ట్ర హోదా రాని, కేంద్రం పాలించే ప్రాంతం), అంతకు ముందు నార్త్ కరోలినా భూమి. 1780ల నాటి కెంటకీ హత్యకు కాగితం వర్జీనియా రాజధాని రిచ్మండ్‌కు వెళ్ళి ఉండవచ్చు. 1783 నుంచి కెంటకీ జిల్లాకు వేరే పై కోర్టు ఉంది కాబట్టి అక్కడా ఉండవచ్చు. రిచ్మండ్‌కు వెళ్ళినవైతే ఆశ తక్కువ. 1865 ఏప్రిల్‌లో నగరం తగలబడినప్పుడు జనరల్ కోర్టు రికార్డులు చాలావరకు బూడిదయ్యాయి.

కోర్టు క్యాలెండరే మొదటి సూచిక

1806 చట్టం తర్వాత నార్త్ కరోలినాలో ప్రతి కౌంటీలోనూ సుపీరియర్ కోర్టు ఏడాదికి రెండుసార్లు కూర్చునేది. జడ్జి గుర్రమెక్కి కౌంటీ నుంచి కౌంటీకి తిరిగేవాడు. దానికి కింద కౌంటీ కోర్టు మూడు నెలలకోసారి సమావేశమయ్యేది. చిన్న నేరాలు, ఆస్తి పంపకాలు, అనాథల సంరక్షణ దాని పని. ఇంకా కింద ఊళ్ళో ఉండే స్థానిక మేజిస్ట్రేట్లు, వాళ్ళను జస్టిస్ ఆఫ్ ది పీస్ అనేవారు. ప్రాణం తీసే శిక్ష పడగల కేసు సుపీరియర్ కోర్టులోనే నడవాలి.

దీన్నిబట్టి లెక్క కట్టవచ్చు. హత్య డిసెంబరు చివర. బర్క్ కౌంటీలో సుపీరియర్ కోర్టు మార్చిలో, సెప్టెంబరులో కూర్చునేది. అంటే విచారణ 1832 మార్చి కంటే ముందు జరగదు. నిజంగానే మార్చి చివరి వారంలో జడ్జి జాన్ డానెల్ ముందు జరిగింది. మధ్యలో జనవరిలో ఏదైనా కాగితం దొరికితే అది సుపీరియర్ కోర్టుది కాదు, మేజిస్ట్రేటు దగ్గర పుట్టింది. మేజిస్ట్రేటు కాగితాలను పుస్తకంలోకి ఎక్కించేవారు కాదు. విడి కాగితాలుగా మడిచి, తాడుతో కట్టి పై కోర్టు క్లర్కుకు పంపేవారు. కోర్టులో జరిగింది క్లుప్తంగా రాసే మినిట్స్ పుస్తకం మాత్రమే చూసి ఊరుకున్నవాళ్ళకు ఇవి కనబడవు.

సిల్వర్ కేసులో ఈ విడి కాగితాలే అసలు విషయం బయటపెట్టాయి. 1832 జనవరి 9 నాటి ఫిర్యాదులో ఫ్రాంకీ పేరు ఒక్కటే లేదు. ఆమె తల్లి బార్బరా స్టూవర్ట్, తమ్ముడు బ్లాక్‌స్టన్ కూడా హత్యలో ఉన్నారని నమ్ముతున్నట్టు ప్రమాణం చేసి చెప్పారు. ముగ్గురినీ పట్టుకున్నారు. విచారణ లేకుండా జైల్లో పెట్టారని తండ్రి ఐజాయా స్టూవర్ట్ హెబియస్ కార్పస్ అర్జీ పెట్టుకున్నాడు. మేజిస్ట్రేట్లు విని తల్లినీ తమ్ముడినీ పూచీకత్తు మీద విడిచిపెట్టారు, ఫ్రాంకీని ఉంచేశారు. జానపద కథలో ఆమె ఒంటరి. జనవరి కాగితాల్లో ఒక కుటుంబం మొత్తం బోనులో ఉంది.

మార్చిలో గ్రాండ్ జ్యూరీ ముందుకు ముగ్గురి పేర్లూ వెళ్ళాయి. గ్రాండ్ జ్యూరీ పని దోషి ఎవరో తేల్చడం కాదు, కేసు నడిపించడానికి తగినంత ఆధారం ఉందా అని చూడటం. ఉందనుకుంటే ఆరోపణ పత్రం వెనక 'ట్రూ బిల్' అని, లేదనుకుంటే 'నాట్ ఎ ట్రూ బిల్' అని రాసి జ్యూరీ పెద్ద సంతకం పెడతాడు. కొన్ని రాష్ట్రాల్లో రెండోదానికి 'ఇగ్నొరామస్' అనే లాటిన్ మాట వాడేవారు, 'మాకు తెలియదు' అని దాని అర్థం. తల్లీ తమ్ముడి మీద ట్రూ బిల్ రాలేదు. వాళ్ళ పేర్లు అక్కడితో ఆగిపోయాయి, విచారణ డాకెట్లో, అంటే కేసుల జాబితా పుస్తకంలో, కనబడవు. డాకెట్ ఒక్కటే చూసిన వంశచరిత్రకారుడు 'నిందితురాలు ఒక్కతే' అని నిశ్చయంగా రాసేస్తాడు. కుటుంబ హత్యల్లో ఈ పొరపాటు మరీ ఎక్కువ. ఇంట్లోవాళ్ళను కలిపి పట్టుకోవడం, తర్వాత ఒక్కరి మీదే కేసు నిలవడం ఆ రోజుల్లో మామూలే.

ఆరోపణ పత్రంలో ఎంత నమ్మాలి

పాత ఆరోపణ పత్రం మొదటిసారి చదివినవాళ్ళు ఉలిక్కిపడతారు. నిందితుడు దైవభీతి లేక, సైతాను ప్రేరణకు లోబడి, ఫలానా రోజున, బలప్రయోగంతో, ఆయుధంతో, ఇంత విలువగల గొడ్డలితో, ఇన్ని అంగుళాల పొడవు ఇన్ని అంగుళాల లోతుగల మరణగాయం చేసెను అని ఉంటుంది. అది సాక్షి చెప్పింది కాదు, ప్రాసిక్యూటరు ముందున్న నమూనా. సైతాను అన్ని హత్య కేసుల్లోనూ వస్తాడు. గొడ్డలి విలువ రాయడం వెనక కారణం ఇంగ్లండు నాటి పాత ఆచారం: మనిషి చావుకు కారణమైన వస్తువు రాజుకు జప్తు అవుతుంది, కాబట్టి దాని వెల రాయాలి. అమెరికాలో రాజు పోయినా వెల మిగిలింది. గాయం కొలతలు కూడా పత్రం చెల్లుబాటు కావడానికే. శవం కాలిపోయిన కేసులో కూడా అంగుళాల లెక్క ఉంటుంది, దాన్ని పట్టుకుని వైద్య వాస్తవాలు రాయకూడదు.

పత్రంలో నమ్మదగినవి వేరే ఉన్నాయి. నిందితుల పేర్లు, నేరం పేరు, టర్మ్ (కోర్టు కూర్చున్న విడత) తేదీ, కింద లేదా వెనక రాసిన ప్రాసిక్యూషన్ సాక్షుల పేర్లు. గ్రాండ్ జ్యూరీ ముందు ప్రమాణం చేసినవాళ్ళ పేర్ల పక్కన చిన్న గుర్తు పెట్టేవారు. ఎవరు పిలవబడ్డారు, ఎవరు నిజంగా మాట్లాడారు అన్న తేడా ఆ గుర్తులో ఉంటుంది.

ఇంకా పాత కాగితాల్లో, వలస పాలన నాటివైతే, భర్తను చంపిన భార్య మీద 'పెటీ ట్రీజన్' అన్న ఆరోపణ కనిపించవచ్చు. ఇంటి యజమానిని చంపడం చిన్నపాటి రాజద్రోహమని ఇంగ్లీషు చట్టం భావించింది. భార్య భర్తను చంపినా, సేవకుడు యజమానిని చంపినా అదే. ఇంగ్లండు దాన్ని 1828లో తీసేసింది. సూచికలో 'హత్య' కింద వెతికి లేదనుకున్న కేసు ఈ పేరు కింద ఉండవచ్చు.

సాక్ష్యం ఎందుకు దొరకదు

అందరూ వెతికేది సాక్షుల మాటలే, అవి దాదాపు ఎప్పుడూ దొరకవు. ఫ్రాంటియర్ విచారణ కోర్టులో సాక్ష్యాన్ని అక్షరం అక్షరం రాసుకునే మనిషే లేడు. మినిట్స్ పుస్తకంలో జ్యూరీ సభ్యుల పన్నెండు పేర్లు, నిందితుడు నేరం కాదన్నాడు అని ఒక వాక్యం, తీర్పు ఒక వాక్యం, శిక్ష కొన్ని వరుసలు, అంతే. హత్య విచారణ మొత్తానికి అర పేజీ దొరికితే మేలనుకోవాలి. ఇది పోయిన రికార్డు కాదు, పుట్టని రికార్డు.

మినహాయింపు ఒకటుంది, అప్పీలు. పై కోర్టుకు వెళ్ళాలంటే విచారణ జడ్జి ఏం జరిగిందో, అభ్యంతరం దేని మీద వచ్చిందో రాసి పంపాలి. ఆ ప్రతి సుప్రీం కోర్టు ఫైల్లో చేరుతుంది. కౌంటీ కోర్టు తగలబడినా అది రాజధానిలో బతికే ఉంటుంది. ఫ్రాంకీ కేసు 1832లో నార్త్ కరోలినా సుప్రీం కోర్టుకు వెళ్ళింది. ఆ తీర్పు 'స్టేట్ వర్సెస్ సిల్వర్' పేరుతో ఆ రాష్ట్ర తీర్పుల 14వ సంపుటం 332వ పేజీ నుంచి అచ్చులో ఉంది. అందులో ఒక ముఖ్య సంగతి తెలుస్తుంది. విచారణలో సాక్షుల్ని ఒకరి మాట ఒకరు వినకుండా వేరుగా ఉంచారు. జ్యూరీ లోపలికి వెళ్ళి తేల్చుకోలేక, మళ్ళీ బయటికొచ్చి సాక్షుల్ని ఇంకోసారి వినాలని అడిగింది. అప్పటికి సాక్షులు ఒకచోట కలిసి తిరిగారు. డిఫెన్సు అభ్యంతరం చెప్పినా జడ్జి వినిపించాడు. ఆ తర్వాత జ్యూరీ దోషి అంది. సుప్రీం కోర్టు ఇందులో తప్పు లేదంది.

జ్యూరీ మొదట ఎటు మొగ్గింది? ఆ జవాబు కోర్టు కాగితాల్లో లేదు, ఉండదు కూడా. ఆమెను క్షమించమని గవర్నరుకు అందిన ఒక ఉత్తరంలో ఉంది: మొదట తొమ్మిదిమంది విడుదల చేద్దామన్నారని, రెండోసారి సాక్ష్యం విన్నాక మారారని. అది క్షమాభిక్ష కోరేవాళ్ళు రాసిన మాట, పక్షపాతం ఉండే మాటే. అయినా ఆ రోజుల్లోనే, గది బయట నిలబడ్డవాళ్ళ చెవికి చేరింది కాబట్టి యాభై ఏళ్ళ తర్వాత పత్రికలో వచ్చిన కథనం కంటే దాని బరువు ఎక్కువ.

నిందితురాలి మాట కూడా ఎక్కడా లేదు. ఆమె చెప్పనందుకు కాదు, చట్టం చెప్పనివ్వనందుకు. నిందితుడు తన కేసులో ప్రమాణం చేసి సాక్ష్యమివ్వడానికి అప్పటి చట్టం ఒప్పుకునేది కాదు. స్వలాభం ఉన్నవాడి మాట నమ్మకూడదన్నది సూత్రం. ఈ నిబంధనను అమెరికాలో మొదట ఎత్తేసింది మెయిన్ రాష్ట్రం, అదీ 1864లో. ఫ్రాంకీ నేరం కాదంది, ఆ ఒక్క మాటే రికార్డు. భర్త కొట్టేవాడనీ, ఆత్మరక్షణ కోసం చంపిందనీ చెప్పే మాటలన్నీ తీర్పు తర్వాత అర్జీల్లోనే వచ్చాయి. విచారణలో ఆ వాదన రాకపోవడాన్ని 'అది తర్వాత అల్లిన కథ' అనడానికి ఆధారంగా వాడేవాళ్ళున్నారు. నిందితురాలి నోరు చట్టమే కట్టేసిన చోట ఆమె మౌనం నుంచి ఏ అర్థమూ తీయకూడదు.

గవర్నరు ఫైళ్ళు

ఉరిశిక్ష పడిన ప్రతి కేసుకూ గవర్నరు కాగితాలు చూడాల్సిందే. అర్జీలు, వాటి కింద ఊరివాళ్ళ సంతకాలు, జైలరు ఉత్తరాలు, జడ్జి అభిప్రాయం, గవర్నరు జవాబు నకలు, ఇవన్నీ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో గవర్నరు పేరు మీద ఉంటాయి. నిందితురాలి పేరు మీద కాదు, అందుకే చాలామందికి తగలవు.

సిల్వర్ కేసులో ఇంకో మెలిక ఉంది. 1832 సెప్టెంబరు టర్మ్‌కు జడ్జి రాలేదు, కోర్టు జరగలేదు. దాంతో శిక్ష తేదీ మళ్ళీ వేయడం 1833 మార్చి టర్మ్‌కు పోయింది. జూన్ 28 అని నిర్ణయించారు. ఈ ఆరునెలల ఆలస్యంలో గవర్నరు మారాడు. 1832 డిసెంబరులో మాంట్‌ఫర్డ్ స్టోక్స్ దిగి డేవిడ్ స్వెయిన్ వచ్చాడు. అర్జీలు ఇద్దరి ఫైళ్ళలోనూ ఉన్నాయి. ఒక గవర్నరు పెట్టె చూసి లేచిపోతే సగమే దొరుకుతుంది. స్వెయిన్ ఉరిని రెండు వారాలు వాయిదా వేశాడు, రద్దు చేయలేదు. ఈలోగా మే 18న ఆమె జైలు నుంచి పారిపోయి కొద్ది రోజుల్లోనే దొరికిపోయింది. జైలు తప్పించుకోవడం అంటే మరో కాగితాల పరంపర: షెరీఫ్ బాధ్యత, వెంటాడినవాళ్ళకు ఇచ్చిన డబ్బు, సాయపడ్డవాళ్ళ మీద కేసు. ఇవి హత్య కేసు సంచికలో ఉండవు, వేరే డాకెట్ నంబరు కింద ఉంటాయి.

అర్జీల కింద సంతకాలను తేలిగ్గా తీసుకోకూడదు. అవి ఒకే చేతిరాతలో వరుసగా ఉంటే ఎవరో ఒకరే రాసి పెట్టినట్టు. వేర్వేరు సిరాలు, వేర్వేరు ఒత్తిళ్ళు ఉంటే కాగితం చేతులు మారుతూ ఊళ్ళో తిరిగినట్టు. ఆ పేర్లను జ్యూరీ జాబితాతో పోల్చి చూడటం ఒక పూట పని, ఎవరు మనసు మార్చుకున్నారో దాంతో తేలుతుంది.

సాక్షి ఉన్నా సాక్ష్యం చెల్లని కేసు

సిల్వర్ కేసులో నిందితురాలి నోరు కట్టేస్తే, ఇరవై ఏళ్ళ ముందు కెంటకీలో జరిగిన ఇంకో కేసులో చూసినవాళ్ళ నోరే కట్టేశారు. 1811 డిసెంబరు 15 రాత్రి లివింగ్‌స్టన్ కౌంటీలో, రాకీ హిల్ అనే ఇంట్లో, లిల్‌బర్న్ లూయిస్, అతని తమ్ముడు ఐషమ్ కలిసి జార్జ్ అనే పదిహేడేళ్ళ బానిస కుర్రాడిని గొడ్డలితో చంపారు. శరీరాన్ని పొయ్యిలో కాల్చబోయారు. తెల్లవారుజామున రెండు గంటలకు న్యూ మాడ్రిడ్ భూకంపం మొదలై పొగగూడు కూలింది. ఎముకల్ని రాళ్ళలో పెట్టి మళ్ళీ కట్టారు. ఫిబ్రవరి 7 నాటి భూకంపం దాన్ని మళ్ళీ కూల్చింది. బయటపడ్డ తలను ఒక కుక్క ఈడ్చుకుపోతుంటే పొరుగువాళ్ళు చూశారు.

ఈ అన్నదమ్ములు అమెరికా మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ చెల్లెలు లూసీ కొడుకులు. ఇంగ్లీషు పుస్తకాలు వాళ్ళను 'నెఫ్యూస్' అని ఊరుకుంటాయి, మన భాషలో మేనల్లుళ్ళని ఒక్క మాటలో తేలుతుంది. ఇంకో సంగతి. వాళ్ళ తండ్రి చార్లెస్ లిల్‌బర్న్ లూయిస్ తల్లీ, లూసీ తల్లీ సొంత అక్కచెల్లెళ్ళు. మన లెక్కలో ఆ దంపతులది అన్నాచెల్లెళ్ళ వరస! అమెరికా కాగితాల్లో ఇద్దరినీ 'కజిన్స్' అనే రాస్తారు. చుట్టరికాలు కలిసిన కుటుంబ కేసుల్లో ఇంగ్లీషు బంధుత్వ పదాన్ని నమ్ముకోకుండా తల్లి వైపో తండ్రి వైపో గీత గీసుకుని చూడాలి. పాత కాగితాల్లో 'మదర్ ఇన్ లా' అంటే అత్తగారు కాకుండా సవతి తల్లి కూడా కావచ్చు. 'సీనియర్', 'జూనియర్' అంటే తండ్రీ కొడుకులే అనుకోకూడదు, ఒకే పేరున్న ఇద్దరిలో పెద్దవాడు, చిన్నవాడు అని మాత్రమే.

జార్జ్ హత్యను చూసింది ఆ ఇంటి బానిసలు. కెంటకీ చట్టం ప్రకారం నల్లవాళ్ళు తెల్లవాళ్ళ మీద సాక్ష్యమివ్వడానికి వీల్లేదు. భార్య భర్త మీద చెప్పడానికీ వీల్లేదు. అంతమంది ఎదుట జరిగిన హత్యకు కోర్టు లెక్కలో చూసినవాడు లేడు. 1812 మార్చిలో సేలంలో గ్రాండ్ జ్యూరీ ట్రూ బిల్ ఇచ్చింది, అన్నదమ్ములు జామీను మీద బయటికొచ్చారు. ఇద్దరూ కలిసి చనిపోదామనుకున్నారు. ఏప్రిల్‌లో ఎలా కాల్చుకోవాలో తమ్ముడికి చూపిస్తూ లిల్‌బర్న్ తుపాకీ పేలి చనిపోయాడు. అన్న చావులో సాయపడ్డాడని ఐషమ్‌ను పట్టుకుంటే, మే నెలలో జైలు నుంచి పారిపోయాడు. హత్య కేసులో తీర్పు అన్నదే లేదు. ఐషమ్‌కు ఉరిశిక్ష పడిందని రాసినవాళ్ళున్నారు, కోర్టు ఉత్తర్వుల పుస్తకంలో అలాంటిదేమీ లేదు.

జార్జ్ గురించి వెతకాలంటే క్రిమినల్ రికార్డు చాలదు. బానిసల పేర్లు ఎక్కువగా ఆస్తి కాగితాల్లో ఉంటాయి: వీలునామాలు, చనిపోయినవాడి ఆస్తి జాబితాలు, తాకట్టు దస్తావేజులు. పన్ను జాబితాల్లో పేరు కూడా ఉండదు, ఇన్ని తలలు అన్న అంకె మాత్రమే. ఒక మనిషి ఏ సంవత్సరం పన్ను జాబితా నుంచి ఏ సంవత్సరానికి అంకెలో లేకుండా పోయాడో లెక్కపెట్టడమే ఒక్కోసారి చేయగలిగింది.

ఈ కేసు గురించి అచ్చులో మొదట బాగా తిరిగిన కథనం ఒక మతబోధకుడు 1824లో రాసిన ఉత్తరం. బానిసత్వాన్ని వ్యతిరేకిస్తూ రాసినది. హత్యకు దాదాపు పదమూడేళ్ళ తర్వాతిది కాబట్టి నెలలు, తేదీలు కోర్టు పుస్తకంతో సరిచూసుకోవాలి. కానీ దాన్ని పక్కన పడేయకూడదు. కోర్టు వినడానికి నిరాకరించినవాళ్ళ మాట ఊళ్ళో ఎలా పాకిందో తెలిసేది అందులోనే.

కోర్టు తగలబడితే

బర్క్ కౌంటీ కోర్టు రికార్డుల్లో చాలా భాగాన్ని 1865 ఏప్రిల్‌లో అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షమైన యూనియన్ సైనికులు పాడుచేశారు. దక్షిణాది కౌంటీల్లో ఇది మామూలు కథ. 'రికార్డులు పోయాయి' అన్నమాట విని వెనక్కి తిరగకూడదు. హత్య కేసుకు డబ్బు ఖర్చవుతుంది, డబ్బు కాగితం వేరే దారిలో వెళ్తుంది. సాక్షికి హాజరైన రోజుకు ఇంత, నడిచిన మైలుకు ఇంత, దాటిన రేవుకు ఇంత అని టిక్కెట్టు రాసిచ్చేవారు. ఆ టిక్కెట్లలో పేరు, ఊరు దూరం, ఎన్ని రోజులు కూర్చున్నాడు అన్నీ ఉంటాయి. సాక్ష్యం లేకపోయినా సాక్షి ఎవరో దొరుకుతాడు. ముప్ఫై మైళ్ళ లెక్క రాసి ఉంటే పటం మీద వృత్తం గీసి పన్ను జాబితాతో పోల్చవచ్చు. జైలరు తిండి బిల్లు నిందితుడు ఎన్ని రోజులున్నాడో చెబుతుంది. సంకెళ్ళు చేసిన కమ్మరి బిల్లు కూడా కనిపిస్తుంది.

చనిపోయినవాడి ఆస్తి కాగితాలు కౌంటీ కోర్టులో వేరుగా నడుస్తాయి. నిర్వాహకుణ్ణి నియమించిన తేదీ చావు తేదీకి పై హద్దు. వేలంపాటలో ఎవరేం కొన్నారో జాబితా ఉంటుంది, చుట్టుపక్కలవాళ్ళు, బంధువులు అందులో తేలుతారు. పిల్లలుంటే సంరక్షకుడి ముచ్చలిక చూడాలి. ఇక్కడ మాట దగ్గర జాగ్రత్త: ఆ కాలం కోర్టు భాషలో తండ్రి పోయిన బిడ్డ 'ఆర్ఫన్', తల్లి బతికి ఉన్నా సరే. ఆ మాట చూసి తల్లిని చంపేసిన వంశవృక్షాలు లెక్కలేనన్ని.

వార్తాపత్రికల విషయంలో దూరపు ఊరి పత్రికే ముందు చూడాలి. అప్పటి పత్రికలు వారానికోసారి నాలుగు పేజీలు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతిని స్థానిక పత్రిక అచ్చువేయదు. రాజధాని పత్రిక ఉత్తరం ద్వారా తెప్పించుకుని వేస్తుంది, మిగతావి దాన్ని ఎత్తి వేసుకుంటాయి. పది పత్రికల్లో కనిపించినా మూలం ఒక్కటే కావచ్చు.

పుస్తకం తెరిచాక

సూచికలో నిందితుడి పేరు లేకపోతే కేసు లేదనుకోవద్దు. చాలా సూచికలు వాది పేరు అక్షరం మీద కట్టారు. క్రిమినల్ కేసులో వాది ప్రభుత్వం. నార్త్ కరోలినాలో 'స్టేట్' కాబట్టి ఎస్ అక్షరం కింద, కెంటకీ, వర్జీనియాల్లో 'కామన్వెల్త్' కాబట్టి సి కింద, టెరిటరీల్లో 'యునైటెడ్ స్టేట్స్' కాబట్టి యు కింద చూడాలి. విప్లవానికి ముందైతే 'కింగ్' లేదా 'రెక్స్'.

పేర్ల స్పెల్లింగు నిలకడగా ఉండదు. ఫ్రాంకీ, ఫ్రాంకే, ఫ్రాన్సిస్, సిల్వర్, సిల్వర్స్, స్టూవర్ట్ మూడు రకాలు. పాత రాతలో రెండు ఎస్‌లు కలిస్తే మొదటిది పొడుగ్గా సాగుతుంది, 'జెస్సీ' కాస్తా 'జెఫ్సీ'లాగానో 'జెపి'లాగానో కనిపిస్తుంది. జె-ఎన్-ఓ అని చివరి అక్షరం పైకెక్కించి రాస్తే అది జాన్, జొనాథన్ కాదు. జె-ఏ-ఎస్ అంటే జేమ్స్. '10వ ఇన్‌స్టంట్' అంటే ఈ నెల 10, '10వ అల్టిమో' అంటే గత నెల 10. 1752కు ముందు ఇంగ్లీషు సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, ఆ కాలం కేసుల్లో జనవరి, ఫిబ్రవరి తేదీలకు ఏ సంవత్సరమో రెండుసార్లు ఆలోచించాలి.

ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్ర వెబ్‌సైట్‌లో కౌంటీ కోర్టు ఫిల్ములు (పాత పుస్తకాల మైక్రోఫిల్ము చిత్రాలు) ఇప్పుడు చాలావరకు ఇంట్లోంచే ఉచితంగా చూడవచ్చు. కొన్నిటికి తాళం గుర్తు ఉంటుంది, అవి వాళ్ళ అనుబంధ లైబ్రరీలో కూర్చునే చూడాలి. పేరు పెట్టి వెతికే పెట్టెను నమ్ముకోకుండా కేటలాగులోకి వెళ్ళి, స్థలం పేరుగా కౌంటీని ఇచ్చి, కోర్టు రికార్డుల శీర్షిక తెరవాలి. 2024 నుంచి చేతిరాతను యంత్రమే చదివి వెతికే సదుపాయం కూడా వచ్చింది, బాగా పనికొస్తుంది. కానీ అది 'జెస్సీ'ని 'జెపి' అనే చదువుతుంది, కాబట్టి నిందితుడి పేరుతో పాటు షెరీఫ్ పేరు, ఊరి వాగు పేరు పెట్టి కూడా చూడాలి. సూచికలో 214వ పేజీ అంటే 214వ చిత్రం కాదు. ఒక చిత్రంలో రెండు పేజీలుంటే, పుస్తకం ఆ ఫిల్ములో మొదలైన చిత్రం నుంచి సుమారు 107 చిత్రాలు ముందుకు వెళ్ళి అక్కణ్ణుంచి సరిచేసుకోవాలి. ఒకే ఫిల్ములో మూడు నాలుగు పుస్తకాలు కలిసి ఉంటాయి కాబట్టి, వరుస తప్పినట్టు అనిపిస్తే పక్క పుస్తకంలోకి వెళ్ళిపోయారేమో ముందు చూసుకోవాలి.

విడి కాగితాలు ఎక్కువగా ఫిల్ముకు ఎక్కలేదు. వాటికోసం నార్త్ కరోలినా రాజధాని రాలీలోనో, కెంటకీ రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉన్న రాష్ట్ర ఆర్కైవ్స్‌కు ఉత్తరం రాయాలి. ఉత్తరంలో కౌంటీ, కోర్టు పేరు, టర్మ్ నెల సంవత్సరం, నిందితుడి పేరు అన్ని స్పెల్లింగుల్లో, అడుగుతున్న శ్రేణి పేరు ఉండాలి. నార్త్ కరోలినాలో ఆ శ్రేణిని 'క్రిమినల్ యాక్షన్ పేపర్స్' అంటారు. కేసు ఫైలు మొత్తం కావాలని, ప్రతి కాగితానికీ రెండు వైపులా నకలు తీయమని స్పష్టంగా రాయాలి. ఆ కాగితాలను మూడు నాలుగు మడతలు పెట్టి కట్టలో దోపేవారు, పైకి కనిపించే వెనకవైపే క్లర్కు రాసుకునేవాడు: దాఖలైన తేదీ, ట్రూ బిల్ అవునో కాదో, సాక్షుల పేర్లు, షెరీఫ్ వారంటు అందించాడా లేక మనిషి దొరకలేదా. వెనకవైపు ఖాళీ అనుకుని ముందువైపు మాత్రమే తీసి పంపిన నకళ్ళలో బార్బరా స్టూవర్ట్ మీద కేసు ఏమైందో కనబడదు.